పాప్‌కౌంట్ బిల్టిన్: స్పీడ్ సరే, టైపు దగ్గరే నా కోపం

ఒక సంఖ్యలో ఎన్ని బిట్లు 1గా ఉన్నాయో లెక్కపెట్టేది పాప్‌కౌంట్. జీసీసీ, క్లాంగ్ అనే సీ కంపైలర్లు రెండింట్లోనూ ముందే అమర్చి ఉండే ఈ పాప్‌కౌంట్ ఫంక్షన్‌ని, అంటే బిల్టిన్‌ని, ఏళ్ల తరబడి వాడుతున్నాను. మాస్కులు, షిఫ్టులు, ఒక గుణకారం పెట్టి రాసే ఫంక్షన్ బదులు ఒక్క లైను. కోడ్ చదివేవాళ్లకి ఆగి ఆలోచించే పని ఉండదు. అంత ఇష్టమున్నా ఒక్క విషయంలో దాన్ని క్షమించలేకపోతున్నాను. 64 బిట్ల విలువ ఇస్తే కిక్కురుమనకుండా తీసుకుని, పై సగం పారేసి, మిగిలిన సగాన్నే లెక్కపెడుతుంది.

మా టీమ్ చేతికొచ్చిన పాత కోడ్‌లో 64 స్లాట్ల బఫర్ పూల్ ఒకటి ఉంది. ఏ స్లాట్ వాడుకలో ఉందో చెప్పడానికి 64 బిట్ల బిట్‌మ్యాప్. స్లాట్లు కింది నుంచి నిండుతాయి కాబట్టి లోడ్ తక్కువగా ఉన్నన్నాళ్లూ లెక్క సరిగ్గానే వచ్చింది. లోడ్ పెరిగాక అలొకేషన్లు ఫెయిలవడం మొదలైంది. మానిటర్ చూస్తే సగం పూల్ ఖాళీ అంటోంది. అందరం లాకుల మీద, రేస్ కండిషన్ల మీద పడ్డాం. చివరికి జీడీబీ డీబగ్గర్‌లో బిట్‌మ్యాప్ ప్రింట్ చేస్తే 64 బిట్లూ 1లే. అదే విలువకి ఫంక్షన్ ఇస్తున్న జవాబు 32! 64 బిట్లకి వాడాల్సిన బిల్టిన్ పేరు చివర రెండు ‘ఎల్’లు ఉండాలి, అవి లేవు, అంతే. వార్నింగులు చూపించే వాల్, ఎక్స్‌ట్రా ఫ్లాగులు రెండూ ఆన్‌లోనే ఉన్నా జీసీసీ నోరు మెదపలేదు. కన్వర్షన్ వార్నింగ్ విడిగా అడిగితేనే చెప్తుంది.

అప్పట్నుంచీ మా కోడ్‌లో బిల్టిన్‌ని ఎవరూ నేరుగా పిలవరు. 64 బిట్ల అన్‌సైన్డ్ టైపు తీసుకునే చిన్న స్టాటిక్ ఇన్‌లైన్ ఫంక్షన్ పెట్టాం, దాని పేరులోనే 64 ఉంటుంది. పాత టెస్టుల్లో 0, 1, 255 లాంటి చిన్న విలువలే ఉండేవి. ఇప్పుడు 63వ బిట్ ఒక్కటే వెలిగిన విలువ తప్పనిసరి.

ఒక్క లైను అన్నాను గానీ, అది ప్రాసెసర్‌లో ఒక్క ఇన్‌స్ట్రక్షన్ అవుతుందన్న హామీ లేదు. ఇంటెల్ చిప్‌లలో 2008 నాటి నెహాలెమ్ నుంచీ ఆ ఇన్‌స్ట్రక్షన్ ఉంది. అయినా బిల్డ్‌లో ఫ్లాగ్ ఇవ్వకపోతే జీసీసీ దాన్ని వాడదు, తన సహాయక లైబ్రరీ లిబ్‌జీసీసీలోని ఫంక్షన్‌కి కాల్ పెడుతుంది. మైక్రోకంట్రోలర్లలో వాడే కార్టెక్స్-ఎం4 ప్రాసెసర్‌లో అయితే అలాంటి ఇన్‌స్ట్రక్షనే లేదు. అక్కడ లిబ్‌జీసీసీ లింక్ చేయకపోతే లింకర్ ఎర్రర్ ఖాయం.

మాది పాత టూల్‌చైన్, కాబట్టి పైన చెప్పిన చిన్న ఫంక్షన్‌తోనే నెట్టుకొస్తున్నాం. సీ భాష కొత్త ప్రమాణం సీ23 వాడే వీలుంటే స్టడ్‌బిట్ హెడర్‌లోని కౌంట్ వన్స్ చూడండి, అది ఇచ్చిన టైపుని బట్టి లెక్కపెడుతుంది. ఎప్పుడూ 32 బిట్ల రిజిస్టర్లతోనే పని చేసేవాళ్లకి ఈ ఇబ్బంది ఎదురుకాకపోవచ్చు.