బార్బరోసాను ఎదిరించిన ఊళ్లు, వెంట నిలిచిన ఊళ్లు: మిలాన్ చుట్టూ యాత్ర

పవిత్ర రోమన్ చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా 1158లో ఉత్తర ఇటలీలోని రొంకాలియాలో సభ పెట్టి సుంకాలు, నాణేల ముద్రణ, నగరాధికారుల నియామకం అన్నీ తన హక్కులేనని చాటాడు. మిలాన్ ఒప్పుకోలేదు. 1162లో దాన్ని లొంగదీసి కూల్చమన్నాడు. లోదీ, పావియా, క్రెమోనా, కోమో వాళ్లు వాడలు పంచుకుని మరీ కూల్చారు. అందుకే మిలాన్ ఒక్కటే చూస్తే కథలో సగమే తెలుస్తుంది.

బసకు మిలాన్‌లోని పోర్తా గరిబాల్ది స్టేషన్ చుట్టుపక్కలే మేలు. అక్కడి భూగర్భ ప్లాట్‌ఫారాల నుంచే లోదీకి ఎస్1, లెన్యానోకి ఎస్5, పావియాకి ఎస్13 లోకల్ రైలుబళ్లు దొరుకుతాయి. పై స్టేషన్‌లో వెతుకుతూ బండి అందుకోలేకపోయేవాళ్లే ఎక్కువ. కాగితం టికెట్ కొంటే ఎక్కేముందే మెషిన్లో ముద్ర వేయించాలి, లేకపోతే జరిమానా తప్పదు.

మిలాన్‌లో స్ఫోర్జా కోట మ్యూజియం వదలొద్దు. కూలిన ఊరికి జనం తిరిగొస్తున్న దృశ్యాన్ని పాత నగరద్వారం పోర్తా రోమానా రాళ్ల మీద చెక్కారు. సోమవారం సెలవు. సంత్ ఎవుస్తోర్జో చర్చిలో, శిశువు యేసును చూడవచ్చిన ముగ్గురు జ్ఞానుల పెద్ద రాతి సమాధి ఉంది. అందులోని అస్థికలను 1164లో చక్రవర్తి మంత్రి రైనాల్డ్ జర్మనీలోని కొలోన్‌కి పట్టుకుపోయాడు.

ఒక్క ఊరికే సమయముంటే పావియా ఎంచుకోండి. బార్బరోసా 1155లో ఇటలీ రాజుగా కిరీటం పెట్టుకున్న సాన్ మికేలే చర్చి ఇక్కడే. ఇసుకరాయి కావడంతో ముఖద్వారం మీది బొమ్మలు ముఖకవళికలు కూడా పోయేంతగా అరిగిపోయాయి. లోపల సింహాసనం వేసిన చోటును గుండ్రటి నల్లరాళ్లు గుర్తుచేస్తాయి. మధ్యాహ్నం తలుపులు మూస్తారు, స్టేషన్ నుంచి నడక కూడా దూరమే, కాబట్టి పొద్దున్నే బయల్దేరాలి.

లోదీ పూట పని. మిలాన్ ధ్వంసం చేసిన పాత ఊరికి బదులుగా 1158లో చక్రవర్తే కట్టించిన ఊరిది. చౌకు, కెథీడ్రల్ పక్కపక్కనే ఉంటాయి.

ఇక చక్రవర్తి ఓడిన చోటు లెన్యానో. 1176లో ఆయన సామంతుడు, జర్మనీలోని సాక్సనీ డ్యూక్ హెన్రీ ఆయనకు సేన పంపనన్నాడు. అదే ఏడాది మే 29న లెన్యానోలో ఉత్తర ఇటలీ నగరాల లంబార్డ్ కూటమి చేతిలో చక్రవర్తి ఓడిపోయాడు. 1183లో కాన్‌స్టాన్స్ సంధితో నగరాలకు తమ పాలకులను తామే ఎన్నుకునే హక్కు దక్కింది. హెన్రీకి మాత్రం 1180లోనే డచీలు, అంటే డ్యూక్‌గా ఏలిన ప్రాంతాలు, పోయాయి. ఇంత చరిత్ర ఉన్నా లెన్యానోలో యుద్ధాన్ని తలపించేది స్టేషన్ ముందున్న 1900 నాటి యోధుడి విగ్రహమే. మామూలు రోజుల్లో గంట చాలు. మే చివరి ఆదివారం జరిగే పాలియో గుర్రప్పందేల ఉత్సవానికైతే రోజంతా కేటాయించండి, సీట్లు ముందే తీసుకోండి.