మెట్‌ఫర్డ్ బ్యారెలా, ఎన్‌ఫీల్డ్ బ్యారెలా?

పాత బ్రిటిష్ .303 రైఫిల్‌లో బట్ సాకెట్ (కర్ర మడమ బిగించే లోహపు భాగం) మీది ముద్రను నమ్మి బ్యారెల్ మెట్‌ఫర్డ్ రకమా, ఎన్‌ఫీల్డ్ రకమా అని తేల్చేయకండి. ఆ ముద్ర తుపాకీది. బ్యారెల్ తర్వాత మారి ఉండొచ్చు.

ముందు ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందో లేదో చూసి, బోల్ట్ తీసి, వెనక నుంచి టార్చి వేసి బ్యారెల్ లోపల మెలికగా తిరిగే గాళ్లు లెక్కపెట్టండి. 1888 నాటి మెట్‌ఫర్డ్‌కు 7 గాళ్లు, లోతు తక్కువ, అంచులు గుండ్రం. నల్ల తుపాకీమందు మసి పట్టకుండా అలా చేశారు. తర్వాత వచ్చిన పొగలేని తుపాకీమందు కార్డైట్ వేడికి ఆ గుండ్రటి అంచులు త్వరగా కరిగిపోయాయి. అందుకే 1895లో 5 గాళ్ల, పదునైన అంచుల ఎన్‌ఫీల్డ్ వచ్చింది. గాళ్ల మెలిక రెండింటికీ ఒకటే: ఎడమవైపు, 10 అంగుళాలకు ఒక చుట్టు. కాబట్టి మెలిక కొలిచి లాభం లేదు.

రిసీవర్ (బోల్ట్ కదిలే భాగం) ముందు బ్యారెల్‌కున్న లావు భాగం (నాక్స్ ఫామ్) పైన ‘ఈ’ అనే ఇంగ్లిష్ అక్షరం కనిపిస్తే ఎన్‌ఫీల్డ్ బ్యారెల్. లెక్క పెట్టాకే ఖాయం చేసుకోండి.

అరిగిన మెట్‌ఫర్డ్‌లో గాళ్లు కంటికి ఆనవు. మెత్తని సీసపు ముక్కకు నూనె రాసి నెమ్మదిగా తోసి, దానిపై పడ్డ గట్లు లెక్కించండి. తుప్పు కింది ముద్రకు మాత్రం వైర్ బ్రష్ వద్దు, అక్షరమే పోతుంది. నూనె గుడ్డతో తుడిచి, పక్కనుంచి వెలుతురు వేస్తే చాలు.