ఆర్‌ఏవీ4 హైబ్రిడ్, సీఆర్‌-వీ టర్బో: ఏది నమ్మకం?

ఇంటిల్లిపాదీ తిరగడానికి పదేళ్లు ఉంచుకునే ఎస్‌యూవీ కావాలంటే చాలామంది చివరికి ఊగిసలాడేది పెట్రోల్ ఇంజిన్‌తో పాటు ఎలక్ట్రిక్ మోటారు కూడా ఉన్న టయోటా ఆర్‌ఏవీ4 హైబ్రిడ్, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో ఉన్న హోండా సీఆర్‌-వీ 1.5 టర్బోల మధ్యే.

రెండింటి గేర్‌బాక్స్‌నూ సీవీటీ (మెట్లు మెట్లుగా కాక సాఫీగా గేరు మారేది) అనే అంటారు గానీ లోపల పొంతనే లేదు. సీఆర్‌-వీ టర్బోలో రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. దాని ఆయిల్ వేళకు మార్చాల్సిందే. ఆర్‌ఏవీ4 హైబ్రిడ్‌లో ఆ బెల్టూ లేదు, టర్బో కూడా లేదు. లేనిది పాడవదు కదా!

అలాగని అది మచ్చలేనిదేం కాదు. 2019 తర్వాత వచ్చిన కొన్ని ఆల్‌వీల్‌డ్రైవ్ (నాలుగు చక్రాలకూ శక్తి అందే) హైబ్రిడ్‌లలో, మంచు కరగడానికి ఉప్పు చల్లే రోడ్ల మీద, వెనక మోటారుకు వెళ్లే హైవోల్టేజ్ కేబుల్ కనెక్టర్ తుప్పుపట్టింది. సీఆర్‌-వీకీ ఓ తలనొప్పి ఉంది: చలి ప్రాంతాల్లో 2017, 2018 మోడళ్ల ఇంజిన్ ఆయిల్‌లో పెట్రోల్ కలిసేది. అందుకే పాత బండి చూసేటప్పుడు ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే కడ్డీ (డిప్‌స్టిక్) తీసి వాసన చూడండి. పెట్రోల్ కంపు కొట్టినా, ఆయిల్ పై గీత దాటినా వదిలేయండి. హైబ్రిడ్ అయితే వెనక సీటు కిందకి వంగి జాలీ చూడండి. బ్యాటరీని చల్లబరిచే గాలి అటునుంచే పోతుంది. పిల్లలు రాల్చిన బిస్కెట్ పొడి, దుమ్ము అక్కడే పేరుకుంటాయి.

ట్రాఫిక్‌లో ఆగుతూ సాగే బతుకైతే నా ఓటు హైబ్రిడ్‌కే. కానీ చంటిపిల్ల ఉన్న ఇంటికి గట్టిగా చెప్పలేను. సీఆర్‌-వీ వెనక తలుపులు దాదాపు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి, చైల్డ్‌సీట్ బిగించేటప్పుడు నడుము పట్టేయదు.