ఆరోగ్య సంజీవని పాలసీ: గది అద్దె దగ్గరే తేలిపోయే లెక్క

తక్కువ ప్రీమియంలో ఆరోగ్య బీమా కావాలంటే ముందు వినిపించే పేర్లలో ఆరోగ్య సంజీవని ఒకటి. సాధారణ బీమా కంపెనీలు, ఆరోగ్య బీమా కంపెనీలు 2020 ఏప్రిల్ 1 నుంచి ఒకే షరతులతో అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ తీసుకొచ్చిన పాలసీ ఇది. ఏ కంపెనీ దగ్గర కొన్నా లోపలి నిబంధనలు ఒకటే, ధర మాత్రం వేరు. అందుకే ఎంచుకోవడం తేలిక. మీ వయసుకు మూడు నాలుగు కంపెనీలు ఎంత అడుగుతున్నాయో చూడండి. తర్వాత మీ ఊరికి దగ్గర్లో ఏ ఆసుపత్రులు వాళ్ల క్యాష్‌లెస్ జాబితాలో (అక్కడ ఒప్పుకున్న బిల్లును కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కడుతుంది) ఉన్నాయో చూడండి. రాజమండ్రిలో ఉండేవాళ్లకు హైదరాబాద్ ఆసుపత్రుల పొడవాటి జాబితా అర్ధరాత్రి అక్కరకు రాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత, ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే బీమా మొత్తం ఉండే) పాలసీల ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. ఇంకా దాన్ని కలిపి చెబితే ఎందుకని అడగండి.

కనీసం 24 గంటలు ఆసుపత్రిలో ఉంటే అయ్యే ఖర్చు, డే కేర్ (24 గంటలు ఉండక్కర్లేని) చికిత్సలు, చేరడానికి ముందు 30 రోజులు, డిశ్చార్జి తర్వాత 60 రోజుల మందులు, పరీక్షలు ఇందులోకి వస్తాయి. అంబులెన్సుకు 2,000 రూపాయల వరకు ఇస్తారు. ఓపీ ఖర్చు, కాన్పు ఖర్చు రావు. ప్రతి క్లెయిమ్‌లోనూ ఒప్పుకున్న మొత్తంలో 5 శాతం మనమే కట్టాలి. శుక్లాల ఆపరేషన్‌కు కంటికి బీమా మొత్తంలో 25 శాతం లేదా 40,000 రూపాయలు, ఏది తక్కువైతే అది. క్లెయిమ్ లేని ప్రతి ఏడాదికీ బీమా మొత్తం 5 శాతం చొప్పున, 50 శాతం వరకు పెరుగుతుంది. ఈ ధరకు ఇవన్నీ మంచి షరతులే.

చిక్కంతా గది అద్దెలో ఉంది. రోజుకు బీమా మొత్తంలో 2 శాతం, అదీ 5,000 రూపాయలు దాటకుండా. ఐసీయూకి 5 శాతం, 10,000 దాటకుండా. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఏజెంట్లు అరుదుగా చెప్పే సంగతి బయటపడుతుంది. రెండున్నర లక్షల పాలసీకే గది పరిమితి 5,000కి చేరిపోయింది, రెండు లక్షలకే ఐసీయూ పరిమితి 10,000కి చేరిపోయింది. ఆ పైన 5 లక్షలు తీసుకున్నా 10 లక్షలు తీసుకున్నా గది పరిమితి ఒక్క రూపాయి పెరగదు. పెద్ద జబ్బుకు పెద్ద మొత్తం పనికొస్తుంది, కాదనలేం. పెద్ద పాలసీ ఉంది కదా అని పెద్ద గది తీసుకుంటే మాత్రం దెబ్బ తింటాం.

ఎంత దెబ్బో లెక్క వేద్దాం. 5 లక్షల పాలసీ, రోజుకు 10,000 రూపాయల గది, ఐదు రోజులు అనుకోండి. గదికి 50,000. సర్జన్, మత్తు డాక్టర్, ఆపరేషన్ థియేటర్ ఛార్జీలు కలిపి 1,50,000. మందులు, పరీక్షలు, ఇంప్లాంట్ 1,00,000. బీమా చెల్లించని గ్లవ్స్, మాస్కుల్లాంటి వాటికి 10,000. మొత్తం 3,10,000. కంపెనీ గదికి 25,000 ఇస్తుంది. పరిమితికి రెట్టింపు అద్దె గది తీసుకున్నారు కాబట్టి డాక్టర్, థియేటర్ ఛార్జీల్లోనూ సగమే, అంటే 75,000 ఒప్పుకుంటుంది. మందులు, పరీక్షలు, ఇంప్లాంట్‌కు ఈ కోత వర్తించదు, లక్షా వస్తుంది. కూడితే 2,00,000. అందులో 5 శాతం తీసేస్తే 1,90,000. మిగిలిన 1,20,000 మీరు కట్టాలి. గదికి పైనున్న తేడా రోజుకు ఐదు వేలే కదా, అయిదు రోజులకు పాతిక వేలు పెట్టుకుందాం అనుకున్న కుటుంబానికి తగిలే దెబ్బ ఇది.

అదే ఆపరేషన్ 5,000 గదిలో జరిగితే, మిగతా ఛార్జీలు అంతే ఉన్నాయనుకున్నా మీ వంతు 23,750 రూపాయలు. చాలా ఆసుపత్రుల్లో చిన్న గదికి సర్జన్ ఫీజు కూడా తగ్గుతుంది, కాబట్టి ఇంకా తక్కువే కావచ్చు. కొన్ని ఆసుపత్రులు గదిని బట్టి ఫీజులు మార్చవు. అలాంటి చోట ఆ సగం కోత వేయకూడదని పాలసీలోనే ఉంది. అడ్మిషన్ డెస్క్ దగ్గర అడగాల్సిన ప్రశ్న ఇదే: "నర్సింగ్ ఛార్జీలు కలిపి గది రోజుకు ఎంతండీ? గది మారితే డాక్టర్ ఫీజు మారుతుందా?" నర్సింగ్ మాట మరచిపోవద్దు. 5,000 పరిమితిలో అద్దె, నర్సింగ్ రెండూ ఉన్నాయి. 4,500 గది అని చెప్పి నర్సింగ్‌కు మరో 1,500 వేస్తే పరిమితి దాటినట్టే.

ముందే అనుకున్న ఆపరేషన్ అయితే చేరడానికి 48 గంటల ముందు, ఎమర్జెన్సీ అయితే చేరిన 24 గంటల్లోపు కంపెనీకి కబురు పెట్టాలి. 2024లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఆదేశం ప్రకారం క్యాష్‌లెస్ అనుమతి గంటలో, డిశ్చార్జి రోజు తుది అనుమతి మూడు గంటల్లో రావాలి. అది దాటినందుకు ఆసుపత్రి అదనంగా వేసిన ఖర్చు బీమా కంపెనీదే. డబ్బు ముందు మీరు కట్టి తర్వాత తీసుకునేటట్టయితే డిశ్చార్జి నుంచి 30 రోజుల్లో కాగితాలు పంపాలి. డిశ్చార్జి సమ్మరీ, అసలు బిల్లులు, డాక్టర్ చీటీలు, రిపోర్టులు అన్నీ ఉండాలి. చీటీ లేని మందుల బిల్లు నిలవదు.

ఇక ఎదురుచూసే కాలం. ప్రమాదాలకు తప్ప మొదటి 30 రోజులు ఏ జబ్బుకూ రాదు. శుక్లాలు, హెర్నియా, పైల్స్ లాంటి వాటికి రెండేళ్లు ఆగాలి. అప్పటికే ఉన్న బీపీ, షుగర్, గుండె జబ్బులకు సంబంధించిన క్లెయిమ్‌కు 36 నెలలు మించి ఆపకూడదని నియమం. "బీపీ సంగతి రాయొద్దు, ప్రీమియం పెరుగుతుంది" అని ఎవరన్నా చెబితే వినకండి. రాస్తే మూడేళ్లు ఆగడంతో పోతుంది. దాచి దొరికితే క్లెయిమూ పోతుంది, పాలసీ కూడా రద్దు కావచ్చు.

ఈ మూడేళ్లలోనో, పాలసీయే లేనప్పుడో ఏం చేయాలన్నది అసలు ప్రశ్న. తెలంగాణలో ఆహార భద్రత కార్డు ఉన్న కుటుంబానికి ఆరోగ్యశ్రీ ఉంది. 2023 డిసెంబర్ నుంచి ఏడాదికి 10 లక్షల వరకు. ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. ప్రైవేటు పాలసీతో పోలిస్తే వీటి గొప్ప బలం ఒకటుంది: పాత జబ్బు అని ఆపరు. జబ్బు బయటపడ్డాక కూడా తలుపు తెరిచే ఉంటుంది. నెట్‌వర్క్ ఆసుపత్రిలోకి వెళ్లగానే క్యాష్ కౌంటర్‌కు కాకుండా పథకం సిబ్బంది కూర్చునే డెస్క్‌కు (తెలంగాణలో ఆరోగ్యమిత్ర, ఆంధ్రప్రదేశ్‌లో వైద్యమిత్ర) కార్డు, ఆధార్ తీసుకుని వెళ్లండి. మీ చికిత్స జాబితాలో ఉందా, ఆ ఆసుపత్రికి ఆ విభాగంలో అనుమతి ఉందా అని అడగండి. ముందస్తు అనుమతి వచ్చేదాకా డబ్బు కట్టి సర్జరీకి ఒప్పుకోవద్దు. ఒకసారి క్యాష్ పేషెంటుగా రాసుకుంటే మళ్లీ పథకంలోకి మార్చడం కష్టం. బకాయిల గొడవలో ఆసుపత్రులు పథకం సేవలు ఆపిన సందర్భాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. చేరే రోజు పొద్దున ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది.

రోడ్డు ప్రమాదమైతే దారి వేరు. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకం కింద, బీమా ఉన్నా లేకపోయినా, గుర్తింపు పొందిన ఆసుపత్రిలో ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు, ఒక్కొక్కరికి లక్షన్నర దాకా నగదు లేకుండా చికిత్స చేయాలి.

మా లెక్కలో ఆరోగ్య సంజీవని షేరింగ్ గదికి సిద్ధపడేవాళ్లకు, జిల్లా కేంద్రాల్లోని ఆసుపత్రులకు వెళ్లేవాళ్లకు నిజంగా మంచి పాలసీ. హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రిలో సింగిల్ రూమ్ కావాలనుకునేవాళ్లు గది పరిమితి లేని పాలసీకి కాస్త ఎక్కువైనా కట్టడం మేలు. తెల్ల కార్డు ఉన్న ఇంట్లో ఈ పాలసీ తీసుకున్నా కార్డును అశ్రద్ధ చేయొద్దు. మూడేళ్లు గడిచేవరకు షుగర్, గుండె సంగతి చూసేది ఆ కార్డే.

క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం ఏ క్లాజు కిందో రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగానికి రాయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోపు బీమా తగాదాలు తీర్చే అధికారి ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ కార్యాలయం హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల వరకు ఇప్పించే అధికారం ఉంది. గది అద్దె కోత తప్పుగా వేశారన్న ఫిర్యాదైతే, గది మారినా డాక్టర్ ఫీజు మారదని ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద రాయించుకుని జత చేయండి.