నౌబత్ పహాడ్ మీద యామన్‌పల్లి రాకాసిబల్లి: బిర్లా సైన్స్ మ్యూజియంలో కుటుంబంతో ఒక రోజు

హైదరాబాద్‌లో పిల్లలకు చూపించదగిన చోట్ల గురించి ఎవరిని అడిగినా గోల్కొండ, జూపార్కు, సాలార్‌జంగ్ మ్యూజియం అని వరుసగా చెబుతారు గాని, నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియం పేరు వచ్చేసరికి ప్లానెటోరియం ప్రస్తావనతోనే సరిపెడతారు. బిర్లా మందిర దర్శనానికి వెళ్లినవారు పక్కనే ఉంది కదా అని ఒక గంటలో చుట్టి వచ్చేస్తుంటారు. మేము మాత్రం అమ్మను, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని ఒక రోజంతా దానికే కేటాయించాము. అందుకు కారణం అక్కడున్న కోటాసారస్ అస్థిపంజరం. తెలుగు నేలలో దొరికి, తెలుగు ఊరి పేరునే తన శాస్త్రీయ నామంలో మోస్తున్న డైనోసార్‌ను ఇంత దగ్గరగా చూడగలగడం మన పిల్లలకు దక్కిన అదృష్టమని నా నమ్మకం.

మియాపూర్–ఎల్.బి.నగర్ మెట్రో మార్గంలో అసెంబ్లీ స్టేషన్‌లో గాని, లక్డీకాపూల్‌లో గాని దిగవచ్చు. స్టేషన్ నుంచి దూరం తక్కువే అయినా దారి ఎత్తుగా ఉంటుంది కనుక మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని నడిపించకుండా ఆటోలో తీసుకువెళ్లడం మేలు. మ్యూజియానికి, ప్లానెటోరియానికి టికెట్లు వేరు. ప్లానెటోరియం ప్రదర్శనలు తెలుగు, ఇంగ్లిష్, హిందీ భాషల్లో వేర్వేరు వేళల్లో ఉంటాయి కాబట్టి ముందుగా టికెట్ల కిటికీ దగ్గర తెలుగు ప్రదర్శన ఎప్పుడో తెలుసుకుని, మిగిలిన రోజును దాని చుట్టూ అమర్చుకోవాలి.

మేము ముందుగా డైనోసార్ దగ్గరికే వెళ్లాము. పిల్లల కాళ్లలో ఓపిక, కళ్లలో కుతూహలం ఉన్నప్పుడే దాన్ని చూపించాలి. 1970ల చివర్లో నాటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి సమీపంలో, ప్రాణహిత–గోదావరి లోయలోని కోటా శిలలు అనే పురాతన రాతి పొరల నుంచి 840 దాకా ఎముకల భాగాలను వెలికితీశారు. అవి కనీసం 12 జంతువులవి. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి 1988లో వాటిని వివరించి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని నామకరణం చేశారు. జురాసిక్ యుగానికి చెందిన ఈ శాకాహారి బతికింది ఇప్పటికి 16 కోట్ల సంవత్సరాలకు పైగా వెనుకటి మాట.

ఈ సంగతులను అస్థిపంజరం ఎదుట నిలబడి చెబుతుంటే అమ్మ, "ఇది మన దిక్కుదేనా బిడ్డా?" అని రెండుసార్లు అడిగింది. ఆమె పుట్టిల్లు ఆదిలాబాద్ వైపే. ఆ తరువాత ఆమె అక్కడినుంచి కదలడానికి ఇష్టపడలేదు.

కాస్త ఓపికగా చూస్తే ఆ ఎముకలు చెప్పే విషయాలు చాలా ఉన్నాయి. బల్లికి, మొసలికి కాళ్లు పక్కలకు చాచినట్టుంటాయి. కోటాసారస్ తొడ ఎముక మాత్రం నిటారుగా ఒంటి కిందికి దిగుతుంది. అంత బరువును నేల మీద మోయడానికి ఆ అమరికే ఆధారం. మెడ పూసల నుంచి తోక చివరి పూసల దాకా వేలు చూపిస్తూ వెళ్తే, వాటి పరిమాణం, ఆకారం ఎలా మారుతూ పోతాయో చిన్నపిల్లలకు కూడా తెలిసిపోతుంది. మా చిన్నది ఇలాగే పూసలు చూసుకుంటూ తల దాకా వచ్చింది. కోటాసారస్ తవ్వకాల్లో రెండు పళ్లు తప్ప పుర్రె దొరకలేదని నేను చెప్పగానే, "నాన్నా, మరి ఈ తల ఎవరిది?" అని అడిగింది. ఇలాంటి దగ్గరి జాతుల తలలు ఎలా ఉంటాయో తెలిసినవారు వాటిని బట్టి ఊహించి చేసిన తల అది. ఒళ్లు కూడా ఒకే జంతువుది కాదు, అనేక జంతువుల ఎముకలను కూర్చి నిలబెట్టినది. ఈ రెండు విషయాలూ పిల్లలకు దాచకుండా చెప్పాలి. ఏది దొరికింది, ఏది ఊహించారు అన్న తేడా తెలిశాక మా పిల్లలు ప్రతి ఎముకనూ మరింత శ్రద్ధగా చూశారు. ఇన్ని జంతువులు ఒకే చోట ఎలా పోగుపడ్డాయన్నది వారి తరువాతి ప్రశ్న. మంద అంతా వరదలో మునిగిపోగా, ప్రవాహం ఎముకలను అక్కడికి చేర్చి ఉంటుందని ఒక అభిప్రాయం ఉంది.

ఇదే కోటా శిలల్లో దొరికిన బారాపాసారస్ టాగోరై అనే మరో డైనోసార్ అస్థిపంజరం కోల్‌కతాలోని భారత గణాంక సంస్థ భూవిజ్ఞాన మ్యూజియంలో ఉంది. రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సంవత్సరమైన 1961కి గుర్తుగా దానికి ఆ పేరు వచ్చింది. పరిమాణంలో అది కోటాసారస్ కంటే పెద్దది. ఆ వైపు వెళ్లేవారు తప్పక చూడాలి. అయితే పిల్లలతో, పెద్దలతో సులువుగా వెళ్లిరావడానికి మనకు హైదరాబాదే అనుకూలం.

మిగిలిన విభాగాలలో మీటలు నొక్కి, చక్రాలు తిప్పి చూసే విజ్ఞాన ప్రదర్శనలు పిల్లలను బాగా ఆకట్టుకుంటాయి. ఇస్రో సహకారంతో 2019లో ఏర్పాటైన అంతరిక్ష మ్యూజియం పదేళ్లు దాటిన పిల్లలకు తగినది. 1985లో ఎన్.టి. రామారావు ప్రారంభించిన ప్లానెటోరియంలో చల్లని చీకట్లో కూర్చోవడం, ఉదయమంతా నిలబడి అలసిన అమ్మకు మంచి విశ్రాంతి అయింది. అందుచేత ఆ ప్రదర్శనను మధ్యాహ్నానికి ఉంచుకోవడమే సరైనది.

బస విషయానికి వస్తే, లక్డీకాపూల్ పరిసరాల్లో అన్ని ధరల హోటళ్లూ ఉన్నాయి. మేము దిగిన చోట గది శుభ్రంగానే ఉంది గాని, చెప్పిన వేళకు ఇవ్వకుండా సామానుతో చాలాసేపు కూర్చోబెట్టారు. వృద్ధులు వెంట ఉంటే, ఉదయం చేరేసరికి గది సిద్ధంగా ఉంటుందా అని ముందురోజే ఫోన్ చేసి రూఢి చేసుకోవాలి.

బిర్లా మందిరాన్ని సాయంత్రానికి ఉంచుకోండి. మధ్యాహ్నం కొంతసేపు గుడి మూసి ఉంటుంది, పైగా ఎండకు పాలరాతి మెట్లు కాలుతాయి. లోపలికి సెల్‌ఫోన్లు అనుమతించరు కాబట్టి వాటిని కౌంటర్‌లో అప్పగించే ముందే, దర్శనమయ్యాక అందరూ ఎక్కడ కలుసుకోవాలో ఒక చోటు అనుకోవడం అవసరం.