సోంపేటలో వల కొనాలన్నా, గాలం కొనాలన్నా ఈ కొట్టుకే వెళ్ళండి

బోర్డు లేదు. గుమ్మానికి వేలాడే విసురువలలే గుర్తు. సోంపేట బజారులో వలల కొట్టు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు.

సరుకు బాగుంటుంది. విసురువల అడిగితే కొట్టాయన ముందు దాన్ని నేలమీద పరుస్తారు. అంచు పట్టుకుని, సీసం గుళ్ళు ఒక్కొక్కటీ వేళ్ళతో తడుముతూ చుట్టూ తిరుగుతారు. గుళ్ళు ఎక్కడైనా ఎడమైతే అక్కడ వల నేలకు ఆనదు, ఆ సందులోంచి చేప జారిపోతుంది. అలాంటి చోటు దొరికితే అక్కడే కూర్చుని సరిచేసి ఇస్తారు, పైసా అదనంగా తీసుకోరు. గాలం వేసే రాడ్లు మాత్రం రెండు మూడు రకాలే. మంచి రీలు కావాలంటే ముందే చెప్పి తెప్పించుకోవాలి.

ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం వేరే ఉంది. దోమతెరలాంటి సన్నకన్ను వల ఈయన అమ్మరు. నా ఎదురుగానే ఒక కుర్రాడు అడిగితే, "చేప గుడ్డు పెట్టే రోజులు బాబూ, ఆ వల వేస్తే పిల్ల కూడా మిగలదు" అని పంపేశారు. నాకు కొర్రమీను గాలం కట్టిస్తూ, "నీళ్ళమీద ఎర్రగా పిల్లల గుంపు కనబడితే అక్కడ గాలం వెయ్యకండి మాస్టారూ. కిందే పెద్ద చేప కాపలా ఉంటుంది. దాన్ని లాగేస్తే పిల్లల్ని మిగతా చేపలు మింగేస్తాయి" అన్నారు. బేరం పోయినా సరే ఈ మాట చెప్పే వ్యాపారి అంటే నాకు ఎంతో గౌరవం.

అమెరికాలో ఈ బాధ్యత చట్టసభల వాళ్ళే తలకెత్తుకున్నారు. ప్రతినిధుల సభలో జాన్ డింగెల్, సెనేట్‌లో ఎడ్విన్ జాన్సన్ పట్టుబట్టి తెచ్చిన 1950 చట్టంతో రాడ్లు, రీళ్ళ మీద వేసిన 10 శాతం పన్ను చేపల సంరక్షణకే వెళ్ళింది. వేట తుపాకులు, తూటాల మీద వచ్చే పన్ను 1937 చట్టం నుంచే అడవి జీవాల కోసం ఖర్చవుతోంది. 2022లో సెనేటర్ రాన్ వైడెన్ గడ్డినేలల కోసం బిల్లు పెట్టారు. పచ్చికను కాపాడే రైతులకు, పశువులు పెంచేవాళ్ళకు సాయం అందించాలన్నది దాని ఉద్దేశం. దానికి వేటగాళ్ళ సంఘాలూ మద్దతిచ్చాయి.

మన దగ్గర 1972 చట్టం అడవి జంతువుల వేటను ఆపింది, అది ఆగే ఉండాలి. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. మరి మా సోంపేట బీల, అంటే మా ఊరి చిత్తడి నేల? పశువులకు గడ్డి, మనుషులకు చేప, పిట్టలకు గూడు, అన్నీ అక్కడే. థర్మల్ ప్లాంటు వద్దని జనం అడ్డుకుంటే 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ప్రాణాలిచ్చి నిలబెట్టుకున్న నేల అది. దాని గడ్డి గురించి, పిల్లచేప గురించి మన ఎమ్మెల్యేలు అసెంబ్లీలో గట్టిగా మాట్లాడాలి. గాలం మీద నాలుగు రూపాయలు పన్ను వేసి, ఆ డబ్బు తిరిగి బీలకే పెడతామంటే నేను సంతోషంగా కడతాను.

కొట్టు ఆదివారం మధ్యాహ్నం దాకానే. ఫోన్‌పే ఉంది. వల బీలకా, సముద్రానికా అన్నది వెళ్ళగానే చెప్పండి, దాన్నిబట్టే కన్ను సైజు చూసి ఇస్తారు.