పదో తరగతి పిల్లలకు మెంటార్: హాస్టల్‌కు వెళ్లాలా, ఫోన్ సరిపోతుందా?

సంక్షేమ హాస్టల్లో ఉండి పదో తరగతి చదివే పిల్లలకు తోడుండాలనుకునేవారికి రెండు దారులు: ఆదివారం హాస్టల్‌కు వెళ్లడం, లేదా వారానికోసారి ఫోన్‌లో మాట్లాడటం.

వెళ్తే నోటుబుక్కు కంటపడుతుంది. ‘లెక్కలు రావు సార్’ అన్న పిల్లాడి చేత ఒక లెక్క చేయించండి. 1/2 + 1/3 కి 2/5 అని రాశాడంటే, ఆగింది త్రికోణమితి దగ్గర కాదు, చిన్న తరగతుల భిన్నాల దగ్గర. ఫోన్‌లో ఇది బయటపడటం కష్టం. ‘అర్థమైందా’ అంటే ‘ఆఁ సార్’ అనేస్తారు. అయితే ముందు వార్డెన్ అనుమతి రాతలో తీసుకోవాలి. ఒక్కరు నలుగురైదుగురికి మించి చూడకూడదు, మించితే అది ట్యూషనైపోతుంది. కూర్చునేది వరండాలో, అందరికీ కనబడేచోట.

ఫోన్‌కు ప్రయాణం లేదు, డాలస్ నుంచైనా కుదురుతుంది. చిక్కల్లా, మాట్లాడేది వార్డెన్ ఫోన్‌లో, ఆయన పక్కనే. ఇంటి కష్టం ఎలా చెప్తారు?

నెలకు రెండుసార్లయినా వెళ్లగలిగితే వెళ్లడమే మేలు. పబ్లిక్ పరీక్షలయ్యాక మాత్రం ఫోనే దిక్కు, పిల్లలు ఊళ్లకు వెళ్లిపోతారు. ఎంపీసీయా, బైపీసీయా, పదో తరగతి మార్కులతో ట్రిపుల్ ఐటీనా అన్నది తేలేది అప్పుడే. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ దరఖాస్తుకు ఫలితాల దాకా ఆగనివ్వకండి. కుల, ఆదాయ ధ్రువపత్రాల సంగతి నేరుగా అమ్మానాన్నలనే అడగండి. సీటొచ్చాక మీసేవ చుట్టూ తిరిగితే గడువు దాటిపోతుంది.